పులికాట్‌లో సూదితోకల కాలం

సూళ్లూరుపేట దాటి తూర్పుకి తిరిగితే కాసేపటికే రోడ్డుకి రెండువైపులా నీళ్లు. శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి పులికాట్ సరస్సు మీదుగా వేసిన కట్ట రోడ్డు ఇది. మన దేశంలో చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే అయినా, సగటు లోతు మీటరుకి అటూ ఇటూ. ఈశాన్య రుతుపవనాల వానలకు స్వర్ణముఖి, కాళంగి తెచ్చే మంచినీళ్లు, ముఖద్వారాల గుండా ఎగదన్నే సముద్రపు నీళ్లు కలిసి డిసెంబరుకల్లా సరస్సు నిండుతుంది. నిండినా చాలాచోట్ల మోకాటి లోతే. బాతులకు కావలసిందీ అదే.

కెమెరాలతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది రాజహంసల కోసమే వస్తారు. సూళ్లూరుపేటలో జరిపే పక్షుల పండగ కూడా వాటి పేరు మీదే. నన్నడిగితే, పులికాట్‌లో చెయ్యి తిరగాలంటే సూదితోక బాతు దగ్గరే తిరగాలి. గులాబీ రంగు గుంపు ఎంత దూరాన ఉన్నా బొమ్మలో నిలబడుతుంది. బాతు దగ్గరికి రాకపోతే నీటి మీద నల్ల చుక్క, అంతే.

సైబీరియా, మధ్య ఆసియాల నుంచి దిగిన కొత్తలో మగదీ ఆడదీ ఒకేలా మట్టిరంగులో ఉంటాయి. సంక్రాంతి నాటికి మగబాతు సింగారం పూర్తవుతుంది: చాక్లెట్ రంగు తల, మెడ పక్క నుంచి పైకి పాకిన తెల్లటి చార, వెనక పొడుగ్గా సాగిన తోక. ఇది నీట మునిగే రకం కాదు. తలకిందులై, తోక ఆకాశానికి ఎత్తి, అడుగున గింజలు వెతుక్కుంటుంది. అందుకే తీసిన ఫొటోల్లో సగం తోకలే!

బస్సులు పోతున్నా లెక్కచేయని గుంపు, మనిషి కారు దిగితే మాత్రం మేత ఆపేస్తుంది. మెడలు నిలువునా లేచాయంటే ఇక కదలకూడదు. పరుగు అవసరం లేకుండానే నీటి మీంచి నిట్టనిలువుగా లేచిపోగలవు. కాబట్టి ఇంజను ఆపి, అద్దం దించి, బియ్యం పోసి కుట్టిన గుడ్డసంచిని తలుపు మీద వేసి లెన్సు ఆనించడం మేలు. చలికాలపు సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కనుక రోడ్డుకి ఉత్తరం పక్కన ఉన్న పక్షుల మీదే వెలుగు సూటిగా పడుతుంది. రెండో పక్కన తీస్తే నీటి తళుకు తప్ప ఈకలు కనపడవు. ఎండెక్కితే తెల్ల రొమ్ము వెలిసిపోతుంది, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించాలి. శ్రీహరికోట గేటు దగ్గరపడుతుంటే కెమెరా సంచిలో పెట్టెయ్యండి, అక్కడ ఫొటోల మాటెత్తకూడదు.

తంటా ఏమిటంటే, ముందు ఎండేది కూడా ఆ ఉత్తరం భాగమే. ముఖద్వారాల్లో ఇసుక మేటలు వేసి, వానలూ తక్కువైన ఏడు బురద తొందరగా బయటపడుతుంది, బాతులు దూరం జరుగుతాయి. అలాంటి ఏడు ఫిబ్రవరి చివర్లో వస్తే రోడ్డు పట్టుకుని వేలాడకుండా నేలపట్టుకి వెళ్లండి. అక్కడ చెరువులో నీరుకణప చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని సాకుతుంటాయి, చూడటానికి టవరు కూడా ఉంది.