నీటికింద తంతి

బొటనవేలు పైకెత్తి చూపిస్తే ఏమిటర్థం? "భేష్, బాగుంది" అనే గదా! నేనూ అల్లాగే అనుకుని పది మీటర్ల నీటికింద మా శిక్షకుడికి బొటనవేలు చూపించాను. ఆయన "అంతా బాగుందా?" అని సైగచేసి అడిగాడు. బాగుండడమేమిటి, బ్రహ్మాండంగా వుంది! పసుపూ నీలమూ కలిసిన చేపలు గుంపులు గుంపులుగా, పెళ్లికి తరలివెళ్తున్న పేరంటాళ్లలాగా మా పక్కనుంచే పోతున్నాయి. ఆ సంతోషమంతా బొటనవేల్లో పెట్టి ఎత్తాను. ఆయన తటాలున నా భుజం పట్టుకుని మెల్లిగా పైకి లాక్కుపోయాడు. నీటిమీద తల పెట్టగానే, "ఏమయిందండీ? వొంట్లో బాగులేదా?" అని కంగారుపడుతూ అడిగాడు.

నీటికింద బొటనవేలెత్తితే "పైకి పోదాం" అని అర్థమట. బాగుందని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. ఈ సంగతి పాఠంలో చెప్పారు. పరీక్షలో సరిగ్గా రాశాను కూడాను. కాని అరవైమూడేళ్ల అలవాటు నాలుగురోజుల పాఠానికి లొంగుతుందా?

ఇది 2019 జనవరి మాట. అండమాన్‌లోని హేవలాక్ దీవికి కొద్దివారాల ముందే స్వరాజ్ ద్వీపమని పేరు మార్చారు. మమ్మల్ని సముద్రంలోకి తీసుకువెళ్లిన పడవవాడు మాత్రం పాతపేరే వాడుతున్నాడు. అతని తాతలు శ్రీకాకుళం వైపునుంచి వచ్చినవారట. "మీ వూరేదండీ?" అని తెలుగులో పలకరించేసరికి నాకు సగం భయం పోయింది.

నాది భీమిలి. ఈత చిన్నప్పటినుంచీ వచ్చు. ఉద్యోగం తంతి ఆఫీసులో. ముప్ఫైతొమ్మిదేళ్లు చేసి, 2015లో రిటైరయ్యాను. అల్లాంటివాణ్ణి వీపున గాలిసిలిండరు కట్టుకుని సముద్రం అడుక్కి ఎందుకు పోయానంటే, మా అమ్మాయి రమ్మంది కనుక. "నేను నేర్చుకున్నాను, నాన్నగారూ. మీరూ నేర్చుకుంటే ఇద్దరం కలిసి దిగుదాం," అంది. డాక్టరు గుండె, ఊపిరితిత్తులు పరీక్షించి సరేనన్నాడు. మా ఆవిడ మాత్రం సరేననలేదు. "మనవణ్ణెత్తుకునే వయసులో ఈ వేషాలేమిటి?" అంది.

"నాన్నగారూ" అన్న ఆ పిలుపు గురించి కొంచెం చెప్పాలి. చిన్నప్పుడు మా అమ్మాయి నన్ను "నాన్నా" అనేది. "గారు" తరవాత వచ్చి చేరింది.

2005లో అది మాతో చెప్పకుండా బెంగుళూరులో రిజిస్టరు పెళ్లి చేసుకుంది. ఫోను చేస్తే నేను పెట్టేస్తానని దానికి తెలుసు. అందుచేత టెలిగ్రాం ఇచ్చింది. తండ్రి ఏ ఆఫీసులో కూర్చుంటాడో తెలిసిన పిల్ల గదా! అది నేను డ్యూటీలో వుండగా, నా బల్లమీదికే వచ్చింది. "పెళ్లయింది. క్షేమం. ఆశీర్వదించండి." అంతే.

శుభాకాంక్షల తంతులకు మా శాఖలో అంకెలుండేవి. దీపావళికి ఒక అంకె, పుట్టినరోజుకి ఒకటి, పెళ్లికి ఒకటి. ఇవతలివాడు అంకె చెబితే చాలు, అవతల చేరేటప్పటికి పూర్తి వాక్యమై చేరేది. ఆ పెళ్లి అంకెను ముక్కూ మొహం తెలియని దంపతులకు ఎన్ని వేలసార్లు పంపానో లెక్కలేదు. నా కూతురికి పంపలేకపోయాను.

తరవాత మనవడు పుట్టాడు. మా ఆవిడ వెళ్లింది. రాకపోకలు మొదలయినాయి. అల్లుడు మంచివాడేనని నాకూ తెలిసింది. కాని నేనూ అమ్మాయీ మాట్లాడుకునే మాటలు "బి.పి. మందు వేసుకుంటున్నారా?", "అక్కడ వానలున్నాయా?" దాటేవి కావు. 2013 జూలై 14న మన దేశంలో తంతికి ఆఖరి రోజు. జ్ఞాపకంగా వుంటుందని జనం బారులుతీరి టెలిగ్రాములిచ్చారు. ఆ రోజు నేనూ ఒక ఫారం తీసుకుని అమ్మాయి చిరునామా రాశాను, దాని కింద ఆ అంకె వేశాను. ఎనిమిదేళ్ల తరవాత పంపితే నవ్విపోతుందేమోనని ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇక సముద్రంలోకి వద్దాం. అది నాలుగోరోజు, మా ఆఖరి మునక. లోతు పధ్నాలుగు మీటర్లు. ముందు శిక్షకుడు, వెనక నేను, నా పక్కన అమ్మాయి. ఇసుకనేల మీద ఏదో తిరండిచేప కనబడితే ఉత్సాహంకొద్దీ కిందికి వంగి, కాలికి తగిలించిన రెక్కల్తో నేలను ఝాడించి తన్నాను. ఇసుక గుప్పున లేచింది. నా చెయ్యి నాకు కనపడలేదు. ఆ మబ్బులోనుంచి బయటపడదామని ఎటో కొట్టుకుపోయాను. నీళ్లు తేటపడేసరికి అమ్మాయీ లేదు, శిక్షకుడూ లేడు.

అప్పుడు వినపడింది, "టంగ్... టంగ్... టంగ్". ఎవరో సిలిండరు మీద ఇనపముక్కతో కొడుతున్నారు. ప్రాణం లేచివచ్చింది. కాని ఆ చప్పుడు ఎటునుంచి వస్తోంది? కుడినుంచా, ఎడమనుంచా? నా తలలోనుంచే వస్తున్నట్లుంది! జీవితమంతా కట్టుకడ చప్పుళ్లు విని అర్థం చేసుకున్నవాణ్ణి, ఆ చప్పుడు దగ్గర ఓడిపోయాను.

దీనికి కారణముంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. సముద్రపు నీటిలో 1,500 మీటర్లు పోతుంది. మన రెండు చెవులకూ శబ్దం చేరడంలో వుండే ఇసుమంత తేడానుబట్టే మెదడు దిక్కు పోల్చుకుంటుంది. నీటిలో ఆ తేడా నాలుగోవంతు కూడా మిగలదు. అంచేత శబ్దం వినపడుతుంది, దిక్కు తెలియదు.

పాఠం జ్ఞాపకం వచ్చింది. తోడు తప్పితే ఒక్క నిమిషం వెతకాలి. కనపడకపోతే, ఊపిరి బిగపట్టకుండా, మెల్లిగా పైకి పోవాలి. గడియారం చూసుకున్నాను. నా సంగతి నాకు తెలుస్తూనే వుంది. గాలి వుంది, ఒంట్లో బాగానే వుంది. దాని సంగతేమిటి? నన్ను వెతుక్కుంటూ ఇంకా లోతుకు పోతోందా? "నేను క్షేమం" అన్న ఒక్క ముక్క దానికి చేరవెయ్యడానికి దారి లేదు. ఆ నిమిషం ఎంత పొడుగో చెప్పలేను.

నేను పైకి తేలేసరికి నలభై అడుగుల దూరంలో అమ్మాయి తల కనిపించింది. నియమం ప్రకారం అదీ పైకి వచ్చేసింది. శిక్షకుడు దాని పక్కనే వున్నాడు. మాస్కు నొసటిమీదికి తోసుకుని, "నాన్నా!" అని ఒక్క కేక పెట్టింది. పధ్నాలుగేళ్ల తరవాత విన్నాను ఆ పిలుపు.

సాయంకాలం ఒడ్డున కూర్చున్నాం. మా మనవడు పదేళ్లవాడు. వాడికి పెద్దవాళ్ల కంగారు పట్టలేదు. "తాతయ్యా, చేపలకున్నట్టు మనకీ మొప్పలు చేసిపెడితే ఈ సిలిండర్లెందుకు?" అన్నాడు. వాడే కాదు, పెద్దవాళ్లూ ఈ కల కంటున్నారు. 2016లో నోట పట్టుకునే చిన్న మొప్పలయంత్రం చేస్తామని ఇంటర్‌నెట్టులో లక్షలకొద్దీ డాలర్లు పోగుచేసి, లెక్కలు నిలదీసేసరికి తిరిగిచ్చేసినవారున్నారు. ఆ లెక్క మా వాడితో కట్టించాను. ఈదే మనిషికి నిమిషానికి సుమారు ఒక లీటరు ఆక్సిజన్ కావాలి, అంటే 1,400 మిల్లీగ్రాముల పైచిలుకు. లీటరు సముద్రపు నీటిలో కరిగివుండే ఆక్సిజన్ ఏడు మిల్లీగ్రాములకు అటూ ఇటూ. ఒక్క చుక్క వదలకుండా పిండినా నిమిషానికి రెండువందల లీటర్ల నీళ్లు ఆ యంత్రంలోనుంచి పోవాలి. "అంటే పది బకెట్లు!" అని నోరు తెరిచాడు. అంతా చేసినా, వుత్త ఆక్సిజన్ ఆరేడు మీటర్లు దాటితే విషంలా పనిచేస్తుంది. మొప్పలు చేపలకే వుండనిద్దాం.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తూ పడుకున్నాను. మనిషి నీటికింద స్వేచ్ఛగా ఊపిరి తీసుకునే సాధనం ఇంత గొప్ప ఊహలనుంచి పుట్టలేదు. యుద్ధకాలంలో ఫ్రాన్సులో పెట్రోలు కరువయి, కార్లు గ్యాసుతో నడిపారు. ఇంజనుకు కావలసినప్పుడు కావలసినంత గ్యాసు వదిలే ఒక మరను ఎమిల్ గన్యాన్ అనే ఇంజనీరు తయారుచేశాడు. అది మనిషి ఊపిరికెందుకు పనికిరాదని నావికాదళపు అధికారి జాక్ కూస్తో దాన్ని 1943లో మార్న్ నదిలో పరీక్షించాడు. నిలువుగా వుంటే గాలి వృథాగా పోయింది, తలకిందులైతే పీల్చడం కష్టమయింది. గాలి వచ్చేచోటూ, విడిచిన గాలి పోయేచోటూ నీటిలో వేరువేరు ఎత్తుల్లో వుండడమే లోపమని కనిపెట్టి, రెంటినీ పక్కపక్కన పెట్టారు. అంతే, పని జరిగింది! ఇవాళ నా నోట్లో వున్నది ఆ సాధనానికి మనవరాలే.

ఆ కూస్తో రాసిన పుస్తకం పేరు "నిశ్శబ్ద ప్రపంచం". అదే పేరుతో తీసిన సినిమాకు 1956లో కాన్ ఉత్సవంలో అగ్రబహుమతి వచ్చింది. పేరు అందంగానే వుంది. కాని ఆ నిశ్శబ్దమే ఆ పూట నా గుండె ఆపినంత పనిచేసింది. ఊపిరి సమస్య ఆయన తీర్చాడు. మాట సమస్య మిగిలింది. రేడియో అలలు ఉప్పునీటిలో సాగవు. అందుకే నేలమీది ఫోను అక్కడ మూగదయిపోతుంది. మొహమంతా కప్పే మాస్కులూ, వాటిలో మాట్లాడే యంత్రాలూ వున్నమాట నిజమే. అవి బరువు, ఖరీదు. సరదాకి దిగే నాబోటివాడికి అందేవి కావు.

అదలా వుండగా, 2022లో అమ్మాయి ఒక వార్త పంపింది. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవారు మామూలు ఫోనులో వుండే స్పీకరూ మైకూ వాడుకుని, నీటికింద శబ్దాలతోనే కబురు పంపే ఏర్పాటు చేశారట. కబుర్లు ముప్ఫై మీటర్ల దాకా పోతాయి. ఆపదలో వున్నామన్న పిలుపు మాత్రం వంద మీటర్ల దాకా పోతుంది. ఆ పరిశోధనకు పెద్ద శ్యామ్ గొల్లకోట. ఇంటిపేరు వినగానే మా ఆవిడ, "మనవాళ్లే!" అని తీర్మానించేసింది.

నన్ను ఆకట్టుకున్నది ఇంటిపేరు కాదు. అందులో 240 సందేశాలు ముందే రాసిపెట్టి వుంటాయట, నీటికింద చేసే చేతిసైగలన్నిటికీ సరిపడేటట్లు. ఒకటి ఎంచుకుంటే దాని గుర్తు మాత్రమే పోతుంది, అవతల వాక్యమై కనపడుతుంది. చదివి కుర్చీలోనుంచి లేచి నుంచున్నాను. ఇది మా శుభాకాంక్షల అంకె గాక మరేమిటండీ? మేము మూసేసిన కొట్టు వాళ్లు నీటికింద తెరిచారు!

2023లో వాళ్లే, గడియారాలూ ఫోనుల శబ్దాలనుబట్టి గుంపులో ఎవరు ఎక్కడున్నారో పోల్చే విధానం కూడా చూపించారు. నాకు ఆ రోజు కావలసింది అదే గదా! అదే ఏడు చేతిగడియారంతో తోటివారికి సందేశాలు పంపే సాధనమొకటి బజారుకు కూడా వచ్చింది. ధర లక్షరూపాయల పైమాట. ఈనాటి ధర రేపుండదు. నా చిన్నతనంలో రేడియో వున్న ఇల్లు వీధికొకటి.

రాబోయే కాలంలో ఇంకా లోతుకు పోయే యంత్రాలూ, ఇంకా ఎక్కువసేపు వుండే యంత్రాలూ వస్తాయి. రానివ్వండి. సరదాకి దిగేవాడికి అవి అంత అవసరమని నేననుకోను. "నా తోడు ఎక్కడ? క్షేమమేనా?" అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పే సాధనం చవకగా, పాతికరకాల భాషల్లో, తెలుగులో కూడా వస్తే చాలు. అంతకుమించి వద్దు. అక్కడ కూడా ఫోను మోగడం మొదలుపెడితే చేపలు మనమీద దావా వేస్తాయి. పైగా ఎంత యంత్రమైనా బ్యాటరీ అయిపోతే ఉత్త రాయి. నన్నూ అమ్మాయినీ ఆ రోజు నీటిమీద కలిపింది ఒక్క నిమిషపు నియమం. దానికి బ్యాటరీ అక్కరలేదు.

మొన్న పాతపెట్టె సర్దుతుంటే 2013 నాటి ఫారం దొరికింది. మడతల దగ్గర చిరిగింది కాని అంకె స్పష్టంగానే వుంది. అమ్మాయికి ఫోను చేసి, "ఆ రెండువందల నలభై సందేశాల్లో ఇంకొకటి చేర్చమని చెబుతావా?" అన్నాను. "ఏమిటి నాన్నా?" అంది. చెప్పడానికి గొంతు రాలేదు. ఫారాన్ని ఫొటో తీసి పంపాను. ఆ అంకెకు అర్థమేమిటో కింద తెలుగులో రాశాను.

చాలాసేపు జవాబు రాలేదు. పధ్నాలుగు మీటర్ల కింద గడియారం చూసుకున్నట్లే చూసుకుంటూ కూర్చున్నాను. చివరకు ఒక చిన్న బొమ్మ వచ్చింది, బొటనవేలూ చూపుడువేలూ కలిపి చుట్టిన సున్నా.