ప్లగిన్ పోలేదు, అక్కడే ఉంది

కొత్త మ్యాక్ కొన్న మ్యూజిక్ ప్రోగ్రామర్లు ఈ మధ్య తెగ ఫోన్ చేస్తున్నారు. "అన్నా, పాత పాట ఓపెన్ చేస్తే సగం ప్లగిన్లు మిస్సింగ్ అంటోంది!"

కంగారుపడి అన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. 2020 చివర్లో ఆపిల్ ఇంటెల్ చిప్పుల్ని వదిలి ఎం1కి మారడం మొదలుపెట్టింది. ఇంటెల్ కోసం రాసిన ప్లగిన్‌కి అక్కడ రోసెట్టా 2 అనే దుబాసీ కావాలి. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ క్యూబేస్‌ని ఈ కొత్త చిప్పుల మీద నేరుగా నడిపితే వీఎస్‌టీ3 ప్లగిన్లే లోడవుతాయి, పాత వీఎస్‌టీ2వి కనపడవు. క్యూబేస్ యాప్ మీద 'గెట్ ఇన్ఫో' నొక్కి, 'ఓపెన్ యూజింగ్ రోసెట్టా' దగ్గర టిక్ పెట్టి తెరవండి. చాలావరకు తిరిగొస్తాయి. 32-బిట్‌వైతే ఆశ వదులుకోండి, 2019లో కాటలీనా వచ్చినప్పుడే వాటి కథ అయిపోయింది.

హార్డ్‌వేర్ సంగతి ఇంకా ఘోరం. మ్యాక్‌ఓఎస్ టాహోలో ఫైర్‌వైర్ సపోర్టే ఎత్తేశారు. వేలకు వేలు పోసి కొన్న ఫైర్‌వైర్ ఆడియో ఇంటర్‌ఫేస్, ప్రీయాంప్‌లు నిక్షేపంగా ఉన్నా మూల పడాల్సిందే. ఇది అన్యాయం కాక మరేమిటి?

విండోస్ వాళ్లకి చిటపటలు వస్తుంటే ముందు బఫర్ చూడండి. 48,000 హెర్ట్జ్ దగ్గర 256 శాంపిల్స్ అంటే దాదాపు 5.3 మిల్లీసెకన్లు. పాడించేటప్పుడు అది చాలు, మిక్సింగ్‌కి 1024 పెట్టుకోండి.

ఒక్క మాట. సినిమా రీరికార్డింగ్ మధ్యలో ఓఎస్ అప్‌డేట్ నొక్కకండి. పాట పూర్తవగానే ప్రతి ట్రాకునీ వేవ్ ఫైలుగా కూడా దాచుకోండి, దానికి ఏ ప్లగినూ అక్కర్లేదు.