తల దొరకని కోటసారస్

కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అస్థిపంజరం హైదరాబాద్‌ నౌబత్ పహాడ్ మీద, బిర్లా మందిరానికి పక్కనే ఉన్న బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. అక్కడి ప్లానెటేరియం 1985లో మొదలైతే, ఈ జంతువు నిలబడిన డైనోసారియం 2000లో తెరుచుకుంది. హాల్లోకి అడుగుపెట్టగానే 44 అడుగుల పొడవు, 16 అడుగుల ఎత్తున్న ఎముకల నిర్మాణం ఎదురవుతుంది. చూడవచ్చినవారి కళ్లు ముందుగా మెడ చివరనున్న తల మీదికే పోతాయి. ప్రాచీన జంతువుల బొమ్మలు గీయాలనుకునేవారు మాత్రం నడుము దగ్గర, తొడల దగ్గర, తోక మొదట్లో ఎక్కువసేపు నిలబడాలి. ఈ జంతువు గురించి రాయి చెప్పిన సంగతులు అక్కడ ఉన్నాయి. తల మనుషులు ఊహించి చేర్చినది.

ఈ ఎముకలు పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర, ప్రాణహిత–గోదావరి లోయలోని కోట శిలాస్తరాల్లో బయటపడ్డాయి. అవి జురాసిక్ యుగపు తొలి భాగానికి చెందినవి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో ఈ జంతువుకు పేరు పెట్టి శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఒకే చోట 840 ఎముకలు దొరికాయి. అవి ఒక జంతువువి కావు, కనీసం 12 జంతువులవి. శరీరంలో దాదాపు ప్రతి భాగానికీ ఏదో ఒక ఎముక ఉంది. పుర్రె మాత్రం లేదు. తలకు సంబంధించి మిగిలినవి రెండు దంతాలే.

పొడవు మెడ, పొడవు తోకతో నాలుగు కాళ్ల మీద నడిచిన శాకాహార డైనోసార్లను సారోపాడ్లు అంటారు. వాటిలో పుర్రె దొరకకపోవడం వింత కాదు. దేహంతో పోలిస్తే తల బాగా చిన్నది. దాని ఎముకలు పలుచన, మెడతో అతుకు బలహీనం. జంతువు చచ్చి కుళ్లుతుంటే ముందు ఊడిపోయేది అదే, నీళ్లు ముందు ఈడ్చుకుపోయేదీ అదే. అందుకని చిత్రకారుడు ఆ రెండు దంతాల నుంచే బయలుదేరాలి. అవి చెంచా ఆకారంలో ఉన్నాయి కాబట్టి కొమ్మల నుంచి ఆకును తెంపుకునే దవడను ఊహించవచ్చు. మిగతాదంతా, అంటే ముక్కు రంధ్రాల చోటు, కంటి గుంత పరిమాణం, మూతి పొడవు, పుర్రెలు దొరికిన దగ్గరి బంధువుల నుంచి అరువు తెచ్చుకోవాల్సిందే.

అరువు తలతో ఎంత చిక్కు వస్తుందో అమెరికాలోని పిట్స్‌బర్గ్ కార్నెగీ మ్యూజియం చూసింది. అక్కడి అపటోసారస్ అనే సారోపాడ్ అస్థిపంజరం 1915 నుంచి చాలాకాలం తల లేకుండానే నిలబడింది. 1930ల్లో దానికి కమరసారస్ అనే మరో సారోపాడ్ తరహా తల తగిలించారు. ఆ పొట్టి మూతి తల దానిది కాదని, డిప్లొడోకస్‌ను పోలిన పొడవాటి తల ఉండాలని తేలాక 1979లో మార్చారు. ఈలోగా తప్పు తలతో ఎన్నో పుస్తకాలు అచ్చయ్యాయి, బొమ్మలు తయారయ్యాయి, ఒక తరం పిల్లల మనసులో అదే రూపం నిలిచిపోయింది. ఊహించడంలో తప్పు లేదు. ఊహించిన భాగం ఏదో చెప్పకపోవడమే తప్పు. శాస్త్రీయంగా గీసే అస్థిపంజర చిత్రాల్లో దీనికొక మంచి పద్ధతి ఉంది: నల్లని శరీరాకారం లోపల దొరికిన ఎముకలను తెల్లగా గీసి, దొరకనివాటిని బూడిద రంగులో వదిలేస్తారు. చూసేవారికి ఒక్క చూపులో సంగతి అర్థమవుతుంది.

పలు జంతువుల ఎముకలతో ఒక శరీరం కూర్చినప్పుడు కొలతల చిక్కు కూడా వస్తుంది. పెద్ద జంతువు తొడ ఎముకకు చిన్న జంతువు వెన్నుపూసలు జతపడితే నిష్పత్తి చెడుతుంది. మ్యూజియంలోని రూపం 44 అడుగులు. అమెరికన్ చిత్రకారుడు, పరిశోధకుడు గ్రెగరీ పాల్ అంచనాలో కోటసారస్ పొడవు 9 మీటర్లే, అంటే 30 అడుగులకు కాస్త తక్కువ. బరువు రెండున్నర టన్నులు. కాబట్టి బొమ్మ పక్కన మనిషిని గీసి కొలత చూపించేవారు ఏ అంచనాను నమ్ముతున్నారో ముందే తేల్చుకోవాలి.

కాళ్ల దగ్గరికి వస్తే నేల గట్టిపడుతుంది. కోటసారస్ తొడ ఎముక నిటారుగా, సన్నగా ఉంటుంది. బరువు స్తంభం మీద పడినట్టు నేరుగా కిందికి దిగుతుంది. మొసలిలా మోకాళ్లు పక్కలకు చాచి గీయడం ఇక్కడ కుదరదు. ఆ ఎముక వెనుక వైపున్న గట్టు తోకలోని పెద్ద కండరం అతుక్కునే చోటు. నడిచేటప్పుడు కాలిని వెనక్కి లాగేది ఆ కండరమే. నేటి మొసళ్లలో అది స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే తోక మొదలు బలంగా, లావుగా గీయాలి. ఆ తోక నేల మీద ఈడ్చుకుపోదు. పాత చిత్రాల్లో ఈడ్చుకుపోయేది, కానీ సారోపాడ్ల పాదముద్రల వెంట తోక ఈడ్చిన గీత దాదాపు కనిపించదు. 1960ల చివర నుంచి జాన్ ఆస్ట్రమ్, రాబర్ట్ బాకర్ వంటి శాస్త్రవేత్తల పనితో డైనోసార్లను చురుకైన జంతువులుగా చూడటం మొదలయ్యాక చిత్రాల్లోనూ తోకలు లేచాయి.

మెడ సంగతి ఇంకా తెగలేదు. వెన్నుపూసల కీళ్లను కంప్యూటర్‌లో అమర్చి చూసిన పరిశోధకులు స్టీవెన్స్, పారిష్ 1999లో కొన్ని సారోపాడ్ల మెడ దాదాపు అడ్డంగా ఉండేదన్నారు. టేలర్, వెడెల్, నెయిష్ 2009లో నేటి జంతువులు మెడను ఎలా నిలుపుతాయో చూపి, పైకెత్తి ఉంచడమే సహజమని వాదించారు. ఎముకల మధ్య మృదులాస్థి ఎంత మందం ఉండేదో రాయిలో మిగలదు. ఇలాంటి చోట చిత్రకారుడికి ఒక హక్కు ఉంది: నీళ్లు తాగుతూ మెడ వంచిన జంతువును గీస్తే రెండు వాదాలకూ ఇబ్బంది లేదు.

కండ, చర్మం చేరే దశలో ఎక్కువమంది చేసే పొరపాటు పిసినారితనం. ఎముకల మీద పలుచటి తోలు బిగించి, పుర్రె గుంతలన్నీ బయటికి కనిపించేలా గీస్తారు. జాన్ కాన్వే, సి.ఎం. కోసెమెన్, డారెన్ నెయిష్ 2012లో తెచ్చిన ‘ఆల్ యెస్టర్‌డేస్’ పుస్తకం ఇందుకు గట్టి జవాబు. నేటి జంతువులను వాటి ఎముకలు మాత్రమే చూసి గీస్తే ఎంత వికృతంగా వస్తాయో అందులో చూపించారు. ఏ ఎముకల గూటి నుంచీ ఒంటె మూపురాన్ని ఊహించలేం. కొవ్వు, కండ, చర్మపు మడతలకు చోటివ్వడం ఊహే అయినా, అవి లేవనడం అంతకన్నా పెద్ద ఊహ.

చర్మానికి కొంత ఆధారం ఉంది. అర్జెంటీనాలోని ఔకా మహువేవో గుడ్లలో సారోపాడ్ పిండాల చర్మపు ముద్రలు దొరికాయి. వాటి మీద చిన్న గుండ్రటి పొలుసులున్నాయి. రంగు విషయంలో కోటసారస్ మౌనంగా ఉంది. చైనాలో దొరికిన సైనోసారోప్టెరిక్స్ అనే డైనోసార్ ఈకల్లో రంగు కణాల జాడలు మిగలడం వల్ల దాని తోక మీది ఎర్రటి, తెల్లటి పట్టీలు 2010లో తెలిశాయి. యామన్‌పల్లి ఎముకలకు అలాంటి భాగ్యం లేదు. మట్టి రంగు వేసినా, మచ్చలు వేసినా ఎవరూ కాదనలేరు, ఔననీ అనలేరు.

చివరిగా నేల, చెట్లు, తోటి జీవులు. తెలుగు పుస్తకాల్లో రాక్షసబల్లుల బొమ్మలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కోటసారస్ కాళ్ల కింద పచ్చగడ్డి పరచకూడదు, పక్కన పూల మొక్క పెట్టకూడదు. గడ్డి, పూలు కనిపించడం మొదలైంది ఆ తర్వాతి క్రెటేషియస్ యుగంలో. ఇక్కడ ఉండాల్సినవి శంఖాకార వృక్షాలు, సైకాడ్లు, ఫెర్న్‌లు. కోట సున్నపురాళ్లలో లెపిడోటిస్ వంటి చేపలు దొరికాయి కాబట్టి మంచినీటి సరస్సు గీయవచ్చు. కాంపిలోగ్నథాయిడిస్ ఇండికస్ అని పేరు పెట్టిన ఎగిరే సరీసృపాన్ని ఆకాశంలో పెట్టవచ్చు. దూరంగా మరో పెద్ద సారోపాడ్‌ను నిలపాలంటే బరపాసారస్ ఉంది. అదే శిలాస్తరాల్లో దొరికిన ఆ జంతువు అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. దానికీ పుర్రె లేదు.