కుదుళ్ల దగ్గర నా జుట్టు

ఒకే వెంట్రుకకు రెండు స్వభావాలు. కుదురు దగ్గర నా ఉంగరాలు, చెవి దాటాక పార్లర్‌లో మందు పెట్టించి సాపు చేయించిన నిటారు పోగులు. ఆ మందు కెరటిన్‌లోని గంధకపు బంధాలను తెంచుతుంది. అలా మారిన భాగం మళ్లీ ఉంగరం తిరగదు. కుదురు నుంచి కొత్తది రావాల్సిందే, అదీ నెలకు సెంటీమీటరు పైచిలుకు. పాతదీ కొత్తదీ కలిసేచోట వెంట్రుక మరీ బలహీనం. దువ్వెన తగిలితే పుటుక్కున తెగుతుంది. అందుకే తలస్నానం అయ్యాక, తడి ఆరకముందే వేళ్లతో చిక్కు తీసుకుంటున్నాను.

"ఏమిటే ఆ పిచ్చుక గూడు?" అంటుంది మా పెద్దమ్మ. ప్రేమగానే అంటుంది, అయినా గుచ్చుకుంటుంది. మా నాయనమ్మదీ ఇదే జుట్టు. కొబ్బరినూనె పట్టించి ముడి బిగించేది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అమెరికాలో నల్లజాతి స్త్రీలకు ఉంగరాల జుట్టు మీది ఈ చిన్నచూపు మాటలతో పోలేదు, ఉద్యోగాలకే ఎసరు పెట్టింది. జుట్టు తీరును బట్టి చూపే ఆ వివక్షను 2019లో కాలిఫోర్నియా చట్టంతో నిషేధించింది. రాష్ట్రాల్లో అదే మొదటిది. ఇక ఆ మందు సంగతి: జుట్టు సాపు చేసే రసాయనాలను తరచూ వాడిన స్త్రీలలో గర్భాశయ క్యాన్సర్ ఎక్కువగా కనిపించిందని 2022లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు వెల్లడించారు. కారణం అదేనని తేల్చలేదు. నాకు మాత్రం ఆ హెచ్చరిక చాలు.

మీ ఇంట్లో ఉంగరాల జుట్టు పిల్ల ఉంటే, దయచేసి ఆ జుట్టుకు వంకలు పెట్టకండి. పొడిగా ఉన్నప్పుడు దువ్వకండి.