రంగు తర్వాత చూద్దాం

పాత అంబాసిడర్ ఉన్నవాళ్ళని కదిపితే ముందుగా వచ్చే మాట ఒకటే. 'అది ఇనుమండీ, ఇప్పటి రేకు కాదు' అని. ఆ మాట అబద్ధమేం కాదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారు నమూనాతో 1950ల చివర్లో బెంగాల్లోని ఉత్తరపారాలో మొదలైన ఆ బండి, 2014 మే నెలలో ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా ఒంటి తీరు పెద్దగా మార్చుకోలేదు. 2017లో ఆ పేరును ఫ్రాన్సుకు చెందిన ప్యూజో కంపెనీ 80 కోట్లకు కొనుక్కుంది. ఊళ్ళో ఎమ్మెల్యే నుంచి పెళ్ళికొడుకు దాకా ఎక్కిన కారది. దాని రేకు మందమూ నిజమే. కానీ ఇనుమన్నాక తుప్పు తప్పదు. మందం ఎక్కువైతే తినడానికి మరికాస్త టైము పడుతుంది, అంతే. పైగా సముద్రం ఒడ్డున ఉంటే ఆ టైము కూడా ఇవ్వదు.

భీమిలిలో ఒక రిటైర్డ్ మాస్టారుంది ఇలాంటి బండే. 1991 మోడల్, తెల్ల నోవా, డీజిల్. ముప్ఫై ఏళ్ళకు పైగా హైస్కూల్లో రసాయనశాస్త్రం చెప్పిన మనిషి. సెకండ్ హ్యాండులో కొన్నారు. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, సింహాచలం మొక్కులు, అత్తగారి ఆస్పత్రి తిప్పలు... అన్నీ అందులోనే జరిగాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ముందు అద్దం చుట్టూ ఉన్న బీడింగ్ రబ్బరు ఊడి, రాత్రంతా లోపలికి నీళ్ళు కారాయి. కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు. అలాంటి రోజుల్లో కారు కింద మ్యాట్ ఎత్తి ఆరబెట్టాలని ఎవరికి తోస్తుంది? పైన చూస్తే పొడిగానే ఉంది. కింద ఉన్న పీచు మాత్రం ఉప్పునీళ్ళు పట్టుకుని నెలల తరబడి అలాగే ఉండిపోయింది.

అసలు సంగతి పదేళ్ళ తర్వాత బయటపడింది. టైరు మార్చడానికి జాకీ పెట్టారు. కారు పైకి లేవలేదు. జాకీయే లోపలికి దిగింది.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. మాస్టారి కారుకూ అంతకుముందు ఒకసారి అదే జరిగింది. తలుపు అంచున రంగు పొక్కులా ఉబ్బిందని షాపుకిస్తే, గీకి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి, మెరిపించి ఇచ్చారు. రెండు వానాకాలాలు బాగానే ఉంది. మూడో ఏడు అదే చోట అంతకన్నా పెద్ద పొక్కు. తుప్పు సంగతి తెలిస్తే ఇందులో వింతేం లేదు. ఇనుము తుప్పుగా మారినప్పుడు అసలు లోహం కన్నా రెండు మూడు రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే లోపల పుట్టిన తుప్పు పైరంగును తోసుకుంటూ వస్తుంది. బయట రూపాయి బిళ్ళంత పొక్కు కనిపించిందంటే లోపలివైపు అరచేయంత చోటు అప్పటికే పోయి ఉండొచ్చు. అల్యూమినియం మీద ఏర్పడే పొర లోహానికి కాపలా కాస్తుంది. ఇనుప తుప్పు అలా కాదు. పొరలు పొరలుగా రాలుతూ, గాలికీ తేమకూ దారిస్తూ పోతుంది. పోనీ పుట్టీ అయినా ఆపుతుందా అంటే, అది తేమను పీల్చుకుని పక్కన పెట్టుకుంటుంది.

2026లో రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది. సొంత కారుకు మొదట పదిహేనేళ్ళు, తర్వాత అయిదేసి ఏళ్ళకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ దాకా కారు రెన్యువల్ ఫీజు 600 రూపాయలు. అప్పుడది 5 వేలయింది. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 10 వేలు చేశారు. పోనీ పురాతన వాహనం కింద చూపిద్దామంటే, 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం దానికి యాభై ఏళ్ళు నిండాలి. మాస్టారి బండికి ఆ హోదా 2041లో గాని రాదు. 'అప్పటికి నాకే వచ్చేస్తుంది' అని ఆయన జోకు.

బెంగళూరులో ఉన్న కొడుకు ఫోన్లో లెక్కలు చెప్పాడు. 'నాన్నా, స్క్రాప్‌కిచ్చేయండి. ఆ డబ్బుకి ఇంకాస్త వేసి నేను చిన్న కారు తీసిస్తాను' అని. కొడుకు మాటలో తప్పు లేదు, ప్రేమే ఉంది. మాస్టారు కాదనలేదు, ఔననలేదు. పెన్షన్ మీద బతికే మనిషి. బ్యాంకులో దీనికని తీయగలిగింది 80 వేలు. అందులో రెన్యువల్ ఫీజు, గ్రీన్ టాక్సు, ఇన్సూరెన్సు కలిపి ఓ 15 వేలు పక్కన పెట్టేస్తే మిగిలేది 65. 'అంతకు మించి ఒక్క రూపాయి అడిగినా కారు వెళ్ళిపోవాలి' అని భార్యకు మాటిచ్చారు. ఆవిడ 'సరే, రాసివ్వండి' అన్నారు. కాలెండరు వెనక రాయించుకున్నారు కూడా.

డబ్బు తక్కువైనప్పుడు దాన్ని ముందు ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. నూటికి తొంభైమంది రంగుతో మొదలుపెడతారు. ఎందుకంటే అది కనిపిస్తుంది. వీధిలో నలుగురూ 'కొత్తదానిలా చేయించారే' అంటారు. ఒళ్ళంతా గీకి మంచి రంగు కొట్టించాలంటే మాస్టారి బడ్జెట్ దానికే చెల్లు.

మాస్టారు రెండు వస్తువులతో మొదలుపెట్టారు. ఒకటి అయస్కాంతం. రెండోది పాత స్క్రూడ్రైవరు. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి కారు చుట్టూ పాకిస్తూ వెళ్ళాలి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది. జారిన చోటల్లా సుద్దముక్కతో గీత. మాస్టారికి సుద్దముక్క అలవాటే కదా! తర్వాత కింద పడుకుని స్క్రూడ్రైవరుతో పొడవడం. గట్టి ఇనుము 'టంగ్' మంటుంది. పోయినది 'చర్' మని దిగిపోతుంది. ముందు సీటు కింద ఫ్లోరు, తలుపుల కింద పొడుగ్గా పోయే పెట్టెలాంటి భాగం, డిక్కీలో స్టెప్నీ టైరు పెట్టే గుంట, ముందు మడ్‌గార్డులో హెడ్‌లైటు వెనక మట్టి చేరే మూల... నాలుగు చోట్లా దిగింది. ఎడమవైపు ఫ్లోరు మీద మ్యాట్ ఎత్తితే కిందున్న నేల కనిపించింది.

గాజువాక ఆటోనగర్ నుంచి వచ్చిన టింకరింగ్ మేస్త్రీ కింద దూరి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక ఆయనన్న మాట రంగు గురించి కాదు. 'మాస్టారూ, దీనికి చాసిస్ లేదండి. ఒళ్ళే చాసిస్.'

ఇది అంబాసిడర్ గురించి చాలామందికి తెలియని విషయం. ఆ బరువు, ఆ ఆకారం చూసి లారీలాగా కింద వేరే చట్రం ఉంటుందనుకుంటారు. లేదు. ఫ్లోరు, పక్కల పెట్టెలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒకే గూడు అది. ఫ్లోరు పోతే కాళ్ళ కింద రేకు పోవడం కాదు, కారు నడుం పోవడం. పైగా ముందు చక్రాల బరువు మోసేది చుట్టల స్ప్రింగులు కాదు, టార్షన్ బార్ అనే పొడుగాటి కడ్డీలు. కడ్డీ మెలితిరిగి కుదుపును తీసుకుంటుంది. దాని రెండో కొస కారు అడుగున ఉన్న అడ్డపట్టీకి బిగించి ఉంటుంది. ఆ పట్టీ చుట్టూ రేకు తుప్పు తింటే, ఏదో ఒకరోజు గోతిలో పడ్డప్పుడు ముందువైపు కూలబడుతుంది. లోపల మనవరాలు కూర్చుని ఉండొచ్చు. మేస్త్రీ అంత మాట అనలేదు, 'పట్టీ ఇంకా గట్టిగానే ఉందండి, దాని చుట్టూ పోతోంది' అన్నాడు. మాస్టారికి అర్థమైంది. అది కూడా పోయి ఉంటే ఆ సాయంత్రమే కొడుక్కి ఫోన్ చేసేసేవారు. పాత బండి మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఒప్పుకోవలసిన హద్దు అది. అడుగున బరువు మోసే చోటు పోయిన కారును రేకు అతుకులతో రోడ్డెక్కించకూడదు.

కాబట్టి 65 వేలలో సగానికి పైగా ఎవరికీ కనిపించని చోటికి పోయింది. బ్యాటరీ తీగలు విప్పేశారు, డీజిల్ ట్యాంకు దింపేశారు, సీట్లు, మ్యాట్లు బయటపడేశారు. తడి గోనెసంచులు, ఇసుక బకెట్టు దగ్గర పెట్టుకున్నారు. ఇది పాత బళ్ళ దగ్గర ఎవరూ బద్ధకించకూడని పని. మేస్త్రీ గ్రైండరుతో తుప్పు రేకును మంచి ఇనుము తగిలేదాకా కోసుకుంటూ పోయాడు. అరచేయంత అనుకున్న రంధ్రం పీటంత అయింది. మాస్టారి భార్య వచ్చి చూసి మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయారు. కోసిన చోట 18 గేజి రేకు, అంటే మిల్లీమీటరు కన్నా కొంచెం మందం, వంచి అతికారు. పాత రేకు మీద కొత్త రేకు వేసి అంచులు మాత్రం అతికితే పని సగానికి సగం తగ్గుతుంది. కానీ మధ్యలో నీళ్ళు నిలిచి రెండేళ్ళలో మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని కోయడమే.

కోయనవసరం లేని చోట, పైపైన పట్టిన తుప్పుకు మాస్టారే పూనుకున్నారు. కూలి మిగులుతుంది కదా. ముందు వైరు బ్రష్, తర్వాత ఎమరీ పేపరు, ఆ తర్వాత తుప్పును మార్చే ద్రావణం. కొన్నింటిలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. అది తుప్పును ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది. మరికొన్నింటిలో టానిక్ ఆమ్లం. అది పూసిన చోట ఎర్రతుప్పు కళ్ళముందే నల్లబడుతుంది. సాయం చేస్తున్న కుర్రాడు 'మాడిపోయిందేంటండీ?' అని కంగారుపడ్డాడు. మాస్టారికి పాఠం దొరికింది. పూర్వం కరక్కాయలు, అన్నభేది కలిపి సిరా చేసేవారు. కలంకారీ అద్దకంలో కరక్కాయ రసం పట్టించిన గుడ్డ మీద, బెల్లం నీళ్ళలో ఇనుప ముక్కలు నానబెట్టిన కషాయంతో గీస్తే నల్లగీత పడుతుంది. కరక్కాయలో ఉండేదీ టానిన్లే. కారు ఫ్లోరు మీద జరిగిందీ అదే. కుర్రాడు ఎంత విన్నాడో గాని, ఆ రోజు టీ చల్లారిపోయింది.

ఆ మందు పొడి తుప్పును మారుస్తుంది గాని, పెళుసుబారి పొరలు లేచిన దాన్ని బాగుచెయ్యలేదు. చిల్లిని అసలే పూడ్చదు. సీసా మీద ఏం రాసినా సరే. దాని మీద ఒకటికి రెండు పూతలు ప్రైమరు. వెల్డింగ్ చేసిన చోట వెనకవైపు రంగు వేడికి మాడిపోతుంది కాబట్టి కొత్త తుప్పు అక్కడే మొదలవుతుంది. అందుకని పెట్టెల లోపలికి సన్నటి గొట్టంతో నూనె కొట్టించారు. అన్నిటికన్నా చవకైన పని, తలుపుల అడుగున నీళ్ళు పోవడానికి ఉండే చిన్న కన్నాల్లో మట్టి తీయడం. దానికి చీపురు పుల్ల చాలు. ముందు అద్దానికి కొత్త బీడింగ్ వేయించాకే మ్యాట్లు మళ్ళీ పరిచారు. కింద పీచు మాత్రం వెయ్యలేదు.

ఇంజన్ దగ్గర మాస్టారి అదృష్టం బాగుంది. 1489 సీసీ డీజిల్ ఇంజన్, బోరుకు రాలేదు. పొద్దున్నే స్టార్టు కాకపోవడానికి కారణం రెండు హీటర్ ప్లగ్గులు పోవడం. నడుస్తూ నడుస్తూ ఆగిపోవడానికి కారణం మళ్ళీ తుప్పే. ట్యాంకు అడుగున నీళ్ళు చేరి, రాలిన తుప్పు ఫిల్టరుకు అడ్డుపడుతోంది. ట్యాంకు కడిగించి, ఫిల్టర్లు మార్చి, నాజిళ్ళు టెస్టు చేయించి, ఎయిర్ తీస్తే గుర్రంలా అందుకుంది. పొగ సంగతి మాత్రం దాచకూడదు. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళు నడపకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెబితే 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది ఊరికే కాదు. నల్లపొగ వస్తే గాలి చాలక, డీజిల్ ఎక్కువై కాలడం లేదని అర్థం. నాజిళ్ళు, పంపు సరిచేస్తే తగ్గుతుంది. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిలు మండుతోందని. దానికి ఖర్చు వేరే స్థాయి. మాస్టారి కారుకు నల్లపొగ తగ్గింది, పూర్తిగా పోలేదు. అందుకే దాన్ని రోజూ బజారుకు తిప్పరు. నెలలో నాలుగైదు సార్లు బయటికి తీస్తారు. అసలు తీయకపోయినా తుప్పే కదా మరి.

చివరికి బ్రేకులు చూపించాక చేతిలో మిగిలింది 2 వేల చిల్లర. తెల్లకారు కావడం కలిసొచ్చింది. అతుకులు వేసిన చోట్ల వరకు మేస్త్రీ తెల్లరంగు కొట్టాడు. పాత తెలుపు కాస్త పసుపు తిరిగింది, కొత్త తెలుపు పాలలా ఉంది. ఎక్కడెక్కడ కోశారో వీధిలో నిలబడితే లెక్కపెట్టొచ్చు. కొడుకు వీడియో కాల్లో చూసి 'అదేంటి నాన్నా, బొల్లి వచ్చినట్టుంది' అన్నాడు.

'రంగు వచ్చే దసరాకి' అన్నారు మాస్టారు. కాలెండరు కాగితం ఇంకా తన దగ్గరే ఉందని పక్క గదిలోంచి భార్య గుర్తుచేశారు.