హోసూరు సన్నగడియారం

కృష్ణగిరి నుండి హోసూరుకు బస్సులో సుమారు 50 కిలోమీటర్లు. దూరం కొద్దిదే గాని దారిపొడుగునా వినబడే భాష మారుతూ వస్తుంది. కృష్ణగిరిలో కండక్టరును తమిళంలో టిక్కెట్టు అడిగినవారే శూలగిరి దగ్గర తక్కాళి బుట్ట దించుకుంటూ తెలుగులో ధర చెప్పుకుంటారు. హోసూరు చేరేసరికి పక్కసీటులో కన్నడం కూడ వచ్చి కూర్చుంటుంది. మనవాళ్ళకు ఇందులో వింత ఏమీ లేదు. తాతల నాటి నుండి మూడు భాషల మధ్య కాపురం చేస్తున్నవాళ్ళమే గదా!

హోసూరు అనగానే పెద్దలకు చంద్రచూడేశ్వరస్వామి కొండ, 1878లో రాజాజీ పుట్టిన తొరపల్లి గ్రామం, గులాబితోటలు గుర్తుకు వస్తాయి. పిన్నలకు ఫ్యాక్టరీ బస్సులు గుర్తుకు వస్తాయి. సేలం జిల్లాలో ఉన్న ఈ తాలూకా 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి మారింది. 2019లో ఊరు కార్పొరేషన్ అయింది. బోర్డులమీద పేర్లు ఎన్ని మారినా, సంతలో గిట్టుబాటు మాట తెలుగులోనే జరుగుతున్నది.

ఇంత చెప్పి, ఈ ఊళ్ళో గడియారాలు చేస్తారన్న సంగతి చెప్పకపోతే ఎట్లా? 1984లో టాటా వారూ, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ వారూ కలిసి టైటాన్ కంపెనీని స్థాపించి, ఫ్యాక్టరీని హోసూరులో పెట్టారు. అంతకు పూర్వం చేతిగడియారం అంటే మన ప్రాంతంలో బెంగుళూరు హెచ్.ఎం.టి.యే. జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహాయంతో 1961లో మొదలయిన ఆ కార్ఖానా గడియారాలకు ప్రతి ఉదయం పళ్ళు తోముకున్నంత నియమంగా కీ ఇవ్వాలి. మా నాయనగారి జనతా వాచీకి కీ ఇచ్చే హక్కు ఆదివారాలలో నాది. 2016లో హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసివేయుటకు కేంద్రప్రభుత్వం నిర్ణయించింది గాని, ఆనాటి గడియారాలు ఇంకా ఎన్నో ఇళ్ళ బీరువాలలో చప్పుడు చేస్తూనే ఉన్నాయి.

టైటాన్ వారు మొదటి నుండి కీ ఇవ్వనక్కరలేని క్వార్ట్జ్ గడియారాలమీదనే నమ్మకం పెట్టుకున్నారు. అందులో బ్యాటరీ బలంతో ఒక చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే మిగిలేది సరిగ్గా ఒకటి, అనగా ఒక సెకను. నేను లెక్కల్లో దిట్టను కాను గాని ఇది కాగితంమీద వేసి చూచాను, సరిపోయింది.

ఈ హోసూరులో 2002లో ఒక గడియారం బయటికి వచ్చింది. పేరు ఎడ్జ్. దాని మొత్తం మందం 3.5 మిల్లీమీటర్లు. లోపలి యంత్రం మందం 1.15 మిల్లీమీటర్లు. ఈ అంకెలు చదివితే ఏమీ అనిపించదు. మీ జేబులోని బ్యాంకు కార్డు తీసి చూడండి. దాని మందం 0.76 మిల్లీమీటర్లు. అటువంటి కార్డులు ఒకటిన్నర పేర్చితే ఎంతో, బ్యాటరీ, చుట్ట, చక్రాలు అన్నీ కలిపి అంత! అద్దం, ముళ్ళు, డయలు, వెనుక మూత చేర్చినా అయిదు కార్డులు దాటదు.

ప్రపంచంలో ఇంతకంటె సన్ననివి లేవా అంటే ఉన్నాయి. స్విట్జర్లాండులో కాంకర్డ్ కంపెనీ 1979లోనే 1.98 మిల్లీమీటర్ల గడియారం చేసింది. ఇటీవల 2022లో ఇటలీ పేరుగల బుల్గరి వారు 1.80 మిల్లీమీటర్ల కీ గడియారం చేశారు. అయితే అవి లక్షలకు లక్షలు పోసేవారి వస్తువులు. హోసూరు గడియారం గొప్ప ఏమంటే, ఇంత సన్నగా ఉండి కూడ నీటికి తట్టుకుంటుంది. చేతికి చెమటపట్టే దేశంలో ఇది చిన్న సంగతి కాదు. గడియారం పక్కగోడకు రంధ్రం చేసి, కీమర కాడను లోపలికి పంపి, ఆ రంధ్రంలో నీరు పోకుండ రబ్బరు చుట్టు బిగించాలి. గోడే ఇంత పలుచన అయినపుడు ఆ చుట్టుకు చోటేదీ? వెనుక మూత పలుచనయితే వేలితో నొక్కినా వంగి యంత్రానికి తగులుతుంది. ఒకచోట వెంట్రుకవాసి తగ్గిస్తే మరొకచోట బలం తగ్గుతుంది. 30 మీటర్ల వరకు అని వెనుక వ్రాసి ఉంటుంది గాని, దాన్ని చూచి బావిలో ఈతకు దిగకండి. ముఖం కడుక్కున్నపుడు, వానలో తడిసినపుడు భయం లేదని దాని అర్థం.

ఆ ఫ్యాక్టరీలో చాలాకాలం పనిచేసి విరమించిన మా పినతండ్రిగారి అబ్బాయి హోసూరులోనే ఉన్నాడు. "అన్నా, చిమటాతో చక్రం పట్టుకున్నప్పుడు ఊపిరి గట్టిగా విడిస్తే అది యెగిరిపోతుందేమో అనిపించేది" అన్నాడు. అతడు ఆ పనిలో చేరేనాటికి పల్లెటూరి పిల్లవాడు. నాగలి మేడి పట్టిన చెయ్యి. ఆ చేతికి అంత సన్నపని వచ్చిందంటే నాకు గడియారంకంటె అదే ఎక్కువ వింతగా తోచింది.

ఇన్ని గుణాలున్నా దీన్ని తలచుకునేవారు తక్కువ. గడియారాలంటే ప్రాణమిచ్చే షోకుదార్లు బ్యాటరీ గడియారాన్ని గడియారమే కాదంటారు. డబ్బుగల వారికి విదేశపు పేరు కావాలి. యువకులకు గుండె ఎన్నిసార్లు కొట్టుకున్నదో లెక్కచెప్పే ఫోను గడియారం కావాలి. షోకుదార్లకోసమేనేమో, తరువాతి కాలంలో ఎడ్జ్ పేరుతోనే 2.2 మిల్లీమీటర్ల యంత్రంతో కీ ఇచ్చే గడియారం కూడ చేశారు. దాని ధర విని నేను షాపువాడికి నమస్కారం పెట్టాను.

నేను షాపుకు పోయిన పని చెప్పనేలేదు. మా మేనకోడలి పెళ్ళి కుదిరింది. బావగారు లేరు. కనుక మేనమామగా వరునికి గడియారం పెట్టే బాధ్యత నామీద పడింది. మా అక్క కుట్టుమిషనుమీద కూడబెట్టిన సొమ్ములోంచి పదిహేను వేలు నా చేతిలో పెట్టి, "తమ్ముడూ, నలుగురి కళ్ళకూ కనపడేటట్టు ఉండాల. రేపు బిడ్డను ఒక మాట అనగూడదు" అన్నది. మధ్యవర్తి అప్పటికే "ఫారిన్‌ది అయితే బాగుంటుంది" అని చెవిన వేసి పోయాడు. పదిహేను వేలకు వచ్చే ఫారిన్ గడియారం ఏపాటిదో ఆయన చెప్పలేదు.

హోసూరు షాపులో కుర్రవాడు "రాండన్నా, ఎవురికి వాచి?" అన్నాడు. పెళ్ళికొడుక్కని చెప్పగానే బంగారు రంగు పూసిన, కంచంవంటి డయలున్న గడియారాలు నాలుగు వరుసగా పరిచాడు. నేను సన్నది అడిగాను. అతడు ఒక్కక్షణం నా ముఖం చూచి లోపలి అరలోంచి తీశాడు. "దీన్ని డాక్టర్లు, వకీళ్ళు వచ్చి అడుగుతారన్నా. పెళ్ళోళ్ళు అడగరు."

తెల్లని డయలు, రెండే ముళ్ళు, నల్లని తోలుపట్టీ. సెకన్ల ముల్లు లేదు. మూడో ముల్లుకు కూడ చోటు కావాలి గదా. చేతికి పెట్టుకుని చొక్కా గుండీ వేశాను. చొక్కా చెయ్యి దానిమీదుగా జారి, ఎక్కడా ఉబ్బు లేకుండ కూర్చున్నది. అది చూచి సంతోషమూ కలిగింది, దిగులూ కలిగింది. కనబడకుండ ఉండటమే ఈ వస్తువు సొగసు. అక్క కోరినది కనబడాలని. కుర్రవాడు ఇంకో బేరం చూచుకునేంతసేపు నిలబడి ఆలోచించాను. వరుడు బ్యాంకులో పనిచేసేవాడు. రోజంతా బల్లమీద చెయ్యి ఆనించి కూర్చునే పని. కంచం పెట్టుకుని ఎన్నాళ్ళు వ్రాస్తాడు? నాలుగేళ్ళ తరువాత కూడ చేతికి ఉండేది ఏదో అదే కొంటానని నిశ్చయించి, సన్నదే తీసుకున్నాను. అక్క ఇచ్చిన సొమ్ములో కొంత మిగిలింది కూడ.

వరపూజనాడు పెట్టె విప్పగానే వరుని పెదనాయన దాన్ని తీసి చెవి దగ్గర పెట్టుకున్నారు. చప్పుడు లేదు. తిప్పి చూచారు. సెకన్ల ముల్లు లేదు. "ఇది నడస్తా వుందా?" అన్నారు, అందరికీ వినబడేటట్టు. మా అక్క ముఖం పాలిపోయింది. మేనకోడలు తల వంచుకున్నది. నేను "అయిదు నిముషాలు చూడండి పెద్దనాయనా, ముల్లు జరుగుతుంది" అన్నాను. ఆయన నిజంగానే చాపమీద గడియారం పెట్టి, పక్కన తన ఫోను పెట్టి కూర్చున్నారు. చుట్టూ పదిమంది చేరారు. తాంబూలాలు ఆగిపోయినాయి. అయిదు నిముషాలు అంత పొడుగని నాకు అంతవరకు తెలియదు. ఆఖరికి ఆయన తల ఎత్తి, "సరిగ్గా వుంది. ఎక్కడిది?" అన్నారు.

"హోసూరుది" అన్నాను.

"మన హోసూరా?"

వరుడు అప్పటికే చెయ్యి చాపి, తానే పట్టీ బిగించుకుంటున్నాడు. చొక్కా చెయ్యి కిందికి లాగాడు, పైకి లాగాడు, మళ్ళీ కిందికి లాగి నవ్వాడు. మేనకోడలు తల ఎత్తి అటు చూచింది.

మా అక్కకు మాత్రం ఇంకా తృప్తి లేదు. "కాస్త పెద్దది తెచ్చి వుంటే ఫోటోలో పడేది గదా" అంటుంది. ఫోటోలు నేనూ చూచాను. ఆమె చెప్పినది నిజమే. ఒక్కదానిలోనూ గడియారం కనబడదు. మన పాఠకులలో ఎవరైనా ఇటువంటిది కొంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి: బ్యాటరీ అయిపోయినపుడు బస్టాండు దగ్గర గొడుగుకింద కూర్చునేవారిచేత విప్పించవద్దు. కంపెనీ షాపుకే తీసుకుపోండి. ఆ మూత మళ్ళీ నీరు చొరకుండ బిగించడం అందరి చేతనూ అయ్యే పని కాదు.