నలభై వేలు, రెండు సన్న టైర్లు

రేసు సైకిల్ మోజు మధ్యతరగతి ఇళ్లకూ పాకింది. జేబు చిన్నదైనప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు.

రోడ్ బైక్ అంటే మన దేశంలో చాలామంది మోటారు సైకిలే అనుకుంటారు. తీరా చూస్తే అది సైకిల్. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్, బొటనవేలంత టైర్లు. మడ్‌గార్డు లేదు, క్యారియర్ లేదు, ఆఖరికి స్టాండు కూడా లేదు. చూసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎంత?" జవాబు విన్నాక వచ్చే రెండో ప్రశ్న: "ఆ డబ్బుకి సెకండ్‌హ్యాండ్ స్కూటర్ వచ్చేదిగా?"

ఆ రెండో ప్రశ్న వెనక పెద్ద కథే ఉంది. పెళ్లికొడుకు సైకిలు, వాచీ, రేడియో అడిగి పుచ్చుకున్న రోజులు తెలుగునాట ఇంకా కొందరికి గుర్తే. సైకిల్ సామాన్యుడి బండి కాబట్టే తెలుగుదేశానికీ, ఉత్తరప్రదేశ్‌లో సమాజ్‌వాదీ పార్టీకీ అది ఎన్నికల గుర్తయింది. బీహార్ ప్రభుత్వం 2006లో బడికెళ్లే ఆడపిల్లలకు సైకిళ్ల పథకం పెడితే దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. 2011 జనగణన నాటికి 44.8 శాతం కుటుంబాలకు సైకిలుంది. స్కూటరో మోటారు సైకిలో ఉన్నవి 21 శాతమే. ఆ 21 శాతంలోకి చేరడమంటే సైకిల్ దిగడమే. అలా దిగిపోయిన మనిషి పదిహేనేళ్లకు మళ్లీ, అదీ స్కూటర్ ధర పెట్టి, సైకిలెక్కుతానంటే ఇంట్లోవాళ్లు అనుమానంగా చూడరా మరి?

2020 లాక్‌డౌన్ ఈ వైరుధ్యాన్ని నడివీధిలో నిలబెట్టింది. జిమ్ములు మూతబడటంతో గేర్ల సైకిళ్లకు గిరాకీ పెరిగింది, నగరాల్లో సరుకు దొరక్క కొనుగోలుదార్లు ఎదురుచూశారు. అదే ఏడాది జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, అట్లాస్ కంపెనీ ఢిల్లీ పక్కనున్న సాహిబాబాద్ కర్మాగారాన్ని ఆపేసింది. కూలీ తొక్కే సైకిల్ తయారీ ఆగింది, ఉద్యోగి తొక్కే సైకిల్ కోసం క్యూ పెరిగింది.

ఆ క్యూలో ఆలస్యంగా చేరినవాడు సికింద్రాబాద్ సైనిక్‌పురిలో ఉండే ఓ ప్రైవేటు కాలేజీ అధ్యాపకుడు. వయసు 38. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. షుగర్ హద్దు మీదుంది, మోకాళ్లు పరుగుకు ఒప్పుకోవు. చీటీ పాడగా వచ్చినదాంట్లో నలభై వేలు సైకిల్‌కని పక్కన పెట్టాడు. "ఏమండీ, మూడు నెలలకే బాల్కనీలో బట్టలారేసే దండెం అవుతుందేమో చూసుకోండి" అన్నది భార్య మాట. వేళాకోళమే కానీ అందులో లెక్క ఉంది. ఈ నలభై వేలు వృథా అయితే ఆ ఇంట్లో ఆయన మరో కోరిక నోరు తెరిచి అడగలేడు. లక్షన్నర పెట్టేవాడు తప్పు చేస్తే మరోటి కొంటాడు. నలభై వేలవాడికి రెండో అవకాశం లేదు.

దుకాణంలో కుర్రాడు ముందుగా గేర్లు లెక్కపెట్టి చూపిస్తాడు. "సార్, ఇది 21 గేర్లు." ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు, మూడేళ్లు ఇరవై ఒకటి. వినడానికి బాగానే ఉంటుంది. తొక్కేటప్పుడు వాటిలో చాలా గేర్లు ఒకదాని బరువే మరొకదానికి వస్తుంది, కొన్నింటిలో చైను అడ్డంగా లాగి గరగరలాడుతుంది. రోడ్ బైక్‌లో ముందు రెండు, వెనక ఎనిమిదో తొమ్మిదో ఉంటే ధారాళంగా సరిపోతాయి. చూడాల్సింది సంఖ్య కాదు, పళ్లు. ముందు చిన్న చక్రానికి 34 పళ్లు, వెనక పెద్ద చక్రానికి 32 ఉంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రమూ ఇంచుమించు ఒక్క చుట్టే తిరుగుతుంది. ఫ్లైఓవరైనా అనంతగిరి కొండైనా కూర్చునే ఎక్కొచ్చు. వెనక పెద్దది 25 పళ్లకే ఆగిపోతే నలభయ్యో పడిలో పడబోయే మోకాళ్లకు శిక్షే.

గేర్ల సామగ్రిలో జపాన్ కంపెనీ షిమానోదే పెత్తనం. కింది నుంచి పైకి టూర్నీ, క్లారిస్, సోరా, టియాగ్రా, 105, అల్టెగ్రా, డ్యూరా-ఏస్ అని మెట్లు. 2024లో కింది మెట్లను కలిపేస్తూ క్యూస్ అనే కొత్త వరుసను వంపు హ్యాండిల్ సైకిళ్లకూ తెచ్చింది. నలభై వేల మనిషి చూపు క్లారిస్, సోరాల దగ్గర నిలిస్తే చాలు. క్లారిస్‌లో ఎనిమిది, సోరాలో తొమ్మిది. ఆ ఒక్క మెట్టు తేడాకు అప్పు చేయాల్సిన పనిలేదు. పైగా చైను, పళ్ల చక్రాలు ఎలాగూ అరిగి మార్చేవే.

మార్చలేనిది ఫ్రేము. కొలత తప్పితే ఎంత ఖరీదైన సైకిలైనా దండెమే. ఇక్కడే ఎక్కువమంది మోసపోతున్నారు, ఎవరో మోసం చేసి కాదు, దుకాణంలో ఉన్న సైజే తమ సైజని నమ్మి. గోడకు ఆనుకుని చెప్పుల్లేకుండా నిలబడి, తొడల మధ్య లావుపాటి పుస్తకం పెట్టి పైకి బిగించి, దాని పై అంచు నుంచి నేల వరకు కొలిస్తే కాలి లోపలి పొడవు వస్తుంది. దాన్ని 0.67తో హెచ్చవేస్తే ఫ్రేము సైజు సెంటీమీటర్లలో దాదాపుగా తెలుస్తుంది. 1986, 1989, 1990లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన లెక్క ఇది. మన అధ్యాపకుడికి 78 సెంటీమీటర్లు వచ్చింది, అంటే 52. దుకాణంలో ఉన్నది 56. "సీటు దించుతాం సార్, హ్యాండిల్ ఇటు జరుపుతాం" అన్నాడు కుర్రాడు. సీటు దించొచ్చు. కానీ సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య గొట్టం పొడవు తగ్గదు. చేతులు చాచి చాచి తొక్కితే పది కిలోమీటర్లకు మెడ, ఇరవైకి అరచేతులు తిమ్మిరెక్కుతాయి. ఆ తర్వాత సైకిల్ బయటికి రాదు. కారణం బద్ధకమని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, నాలుగు సెంటీమీటర్లని ఎవరికీ తట్టదు.

ఈ మధ్య ఫ్రేముల పై గొట్టం వెనక్కి వాలుగా వస్తోంది కాబట్టి పై లెక్క అంచనాకే. అసలు పరీక్ష తొక్కి చూడటం. అరగంట తొక్కనివ్వని దుకాణంలో నలభై వేలు పెట్టడం దండగ.

ఫ్రేము తర్వాతి స్థానం వెనక చక్రానిది. దుకాణంలో ఎవరూ దాని ఊసెత్తరు. చవక సైకిళ్లలో వెనక పళ్ల చక్రాలన్నీ ఒకే ముద్దగా హబ్బుకు మరతో బిగిస్తారు, అదే ఫ్రీవీల్. ఇందులో కుడివైపు బేరింగు లోపలికి జరిగిపోయి యాక్సిల్ చివర ఆధారం లేకుండా మిగులుతుంది. ఎనభై కిలోల మనిషి గుంతల్లో ఎత్తేస్తే అది వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. క్యాసెట్ పద్ధతిలో బేరింగు చివరిదాకా వస్తుంది కాబట్టి ఆ బాధ తక్కువ. "ఇది ఫ్రీవీలా, క్యాసెట్టా?" అన్న ఒక్క ప్రశ్న వేస్తే దుకాణదారుకు ఎదురున్నవాడు గేర్లు లెక్కపెట్టే రకం కాదని అర్థమవుతుంది. బేరం కూడా కాస్త మెత్తబడుతుంది.

కార్బన్ ఫ్రేమని ఊరించేవాళ్లుంటారు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పోటీ సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని నిబంధన పెట్టింది 2000లో. ఆ గ్రాముల గొడవ వాళ్లది. నలభై వేల అల్యూమినియం సైకిల్ పది పదకొండు కిలోలుంటుంది. మిగతా మూడు నాలుగు కిలోలు తగ్గించుకోదలిస్తే నడుం దగ్గర తగ్గించుకోవచ్చు, అది ఉచితం. అల్యూమినియం ఫ్రేము, కుదిరితే కార్బన్ ఫోర్కు ఉంటే హాయి. ముందు చక్రం అదురు చేతులకు కాస్త తగ్గుతుంది.

డిస్క్ బ్రేకులూ అంతే. ఈ ధరలో వచ్చే వైరు లాగే చవక డిస్కుల కంటే మంచి రిమ్ము బ్రేకులే నమ్మకం. పైగా వాటి రబ్బర్లు అరిగితే ఇంట్లోనే మార్చుకోవచ్చు.

టైర్ల దగ్గరకొస్తే మన రోడ్లు గుర్తుకు రావాల్సిందే. యూరప్ ఫొటోల్లోని 23 మిల్లీమీటర్ల టైరు మన వానాకాలానికి పనికిరాదు. 28 ఉండాలి, ఫ్రేములో చోటుంటే 32 ఇంకా మేలు. కొనేముందు ఫోర్కుకూ టైరుకూ మధ్య వేలు దూరుతుందో లేదో చూస్తే చాలు. ఇంకో తంటా ట్యూబు మూతి. పాత నల్ల సైకిల్‌ది ఒకరకం, స్కూటర్‌ది మరోరకం, రోడ్ బైక్‌ది సన్నగా పొడుగ్గా ఉండే ప్రెస్టా. పంచర్ షాపు కంప్రెసరు దానికి పట్టదు. గోలీ అంత ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంటే ఈ సమస్యే ఉండదు. టైరులో గాలి కూడా కారుకు కొట్టినట్టు 32 కాదు, 70, 80 దాకా పోవాలి. అది చెప్పకపోతే షాపులో మామూలు గాలే కొట్టి పంపిస్తారు, మొదటి గుంతకే రిమ్ము ట్యూబును కొరుకుతుంది. చక్రం చుట్టుకొలతా వేరే. నల్ల సైకిల్ ట్యూబు ఇందులోకి సరిపోదు. విడి ట్యూబు రెండు కొనిపెట్టుకోవాల్సిందే.

సెప్టెంబర్ 2025లో సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు తగ్గింది. పాలవాడి సైకిల్‌కూ పది లక్షల కార్బన్ సైకిల్‌కూ ఒకటే రేటు. అది న్యాయమా అన్నది వేరే చర్చ. మధ్యలో ఉన్నవాడికి మాత్రం హెల్మెట్ ఖర్చు మిగిలింది. హెల్మెట్, తాళం, పంపు, ముందూ వెనకా లైట్లు, ట్యూబులు: వీటికి అయిదారు వేలు విడిగా తీసిపెట్టకుండా మొత్తం సైకిల్‌కే పోసేవాళ్లు చీకట్లో తొక్కుతారు.

అవి తీసేస్తే మిగిలే 34 వేలలో కొత్తది ఏమొస్తుంది? డెకాథ్లాన్ ట్రైబన్ మన నగరాల్లో ఎందరికో తొలి రోడ్ బైక్ అయింది. చెన్నై టీఐ సైకిల్స్ వారి మోంట్రా, 2015లో హీరో చేతికొచ్చిన ఫైర్‌ఫాక్స్ వంటి పేర్లూ వినిపిస్తాయి. ఈ ధరలో కొత్తదైతే చాలావరకు అడుగు మెట్టు గేర్లే. సెకండ్‌హ్యాండ్‌లో ఒక మెట్టు పైది దొరుకుతుంది. 2020లో మోజుతో కొని బాల్కనీలో వదిలేసినవి చాలానే బయటికొచ్చాయి. ఒకరి దండెం మరొకరికి బేరం.

అయితే పరీక్షలున్నాయి. పెడళ్ల మధ్య గొట్టం అడుగున ఫ్రేము నంబరు చెక్కి ఉంటుంది. అది బిల్లుతో సరిపోవాలి. బిల్లు లేదంటే దొంగ సరుకని అనుమానించడం తప్పు కాదు. చైను మీద అడుగు స్కేలు పెడితే ఒక పిన్ను నడుమ నుంచి 24 పిన్నుల అవతలికి సరిగ్గా 12 అంగుళాలుండాలి. పదహారో వంతు అంగుళం సాగితే చైను మార్చాలి, ఎనిమిదో వంతు సాగితే పళ్ల చక్రాలూ పోయినట్టే. ధర ఆ మేరకు తగ్గాలి. చక్రం గాల్లో తిప్పి బ్రేకు రబ్బరు పక్కన చూస్తే వంకర బయటపడుతుంది. గొట్టాలు కలిసే చోట్ల రంగు వెంట్రుకలా చీలి ఉంటే మాట్లాడకుండా వెనక్కి రావడం మంచిది.

సైనిక్‌పురి అధ్యాపకుడు రెండు నెలలు తిరిగి, నాలుగు చూసి వదిలేసి, అయిదోది కొన్నాడు. అల్వాల్‌లో ఓ కుర్రాడిది. 52 సైజు, సోరా గేర్లు, కార్బన్ ఫోర్కు, బిల్లుతో సహా 27 వేలు. చైను ఎనిమిదో వంతు సాగింది. అది చూపిస్తే 25 వేలకు దిగాడు. చైను, క్యాసెట్, 28 టైర్లు, బ్రేకు రబ్బర్లు మార్చడానికి ఏడు వేలయింది. మిగతావన్నీ కలిపి 38 వేల దగ్గర లెక్క తేలింది.

ఇక తొక్కేదెక్కడ? ఔటర్ రింగ్ రోడ్ పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ బాట 2023 అక్టోబర్‌లో ప్రారంభమైంది. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ అది నానక్‌రామ్‌గూడ, కొల్లూరు వైపు, ఐటీ కంపెనీల పక్కన. సైనిక్‌పురి నుంచి అక్కడికి వెళ్లాలంటే ఊరంతా దాటాలి. సైకిల్‌ను కారులో పెట్టుకుని వెళ్లగలిగేవాళ్లకది బాట. కారు లేని అధ్యాపకుడు తెల్లవారుజామున అయిదింటికి కరీంనగర్ రోడ్డెక్కి శామీర్‌పేట చెరువు దాకా వెళ్లొస్తున్నాడు. ఆ వేళ లారీలుంటాయి. మార్జిన్‌లో ఇసుక ఉంటుంది, సన్న టైరు దాని మీద జారుతుంది.

మిగిలిన రెండు వేలకు భార్యే లెక్క చెప్పింది. ఉన్న వెనక లైటు మినుగురు పురుగంత, దాన్ని మార్చి లారీవాడికి దూరం నుంచి కనిపించేది కొనమంది. కొన్నాడు. వెళ్లేముందు అది వెలుగుతోందో లేదో ఆమె గేటు దగ్గర నిలబడి చూసి గానీ లోపలికి పోదు.